బస్సు చావడికి చరిత్ర లేదా?

చారిత్రక భవనమనగానే మన కనుల యెదుట కోటబురుజులు, గోపురములు, రాజసౌధములు నిలుచును. రాజు పవ్వళించిన గది దర్శనీయమట! కూలివాడు వానకు తడియక నిలిచిన చూరు మాత్రము కూల్చదగినదట! ఈ భేదబుద్ధి యెంత నిస్సారమో తెలియగోరు చదువరులకు ఉత్తర ఇంగ్లండునందలి ప్రెస్టను పట్టణపు కథ చాలును.

ప్రెస్టను నూలుమిల్లులకు పేరుగన్న యూరు. నూలువడకు యంత్రముచే ప్రసిద్ధుడైన రిచర్డు ఆర్క్‌రైటు 1732లో జన్మించినది అచ్చటనే. ఆ శ్రామికుల పట్టణమున 1969లో ఒక గొప్ప బస్సుస్టేషను తెరువబడెను. ఒక్కొక్క ప్రక్క నలువదేసి చొప్పున ఎనుబది బస్సులు నిలుచుటకు తావులు. మీది యంతస్తులలో సుమారు 1,100 కార్లకు చోటు. ప్రతి యంతస్తు నంచునను కెరటమువలె వంపు దిరిగిన కాంక్రీటు. కీత్ ఇంగ్‌హాము, చార్లెసు విల్సనులు దాని శిల్పులు. విమానమెక్కు ధనికునకు గల సౌఖ్యము బస్సెక్కు సామాన్యునకేల కలుగరాదన్న భావము ఆ కట్టడమంతటను గోచరించును.

అట్టి దానిని కూల్చివేయుటకు 2012 డిసెంబరులో పురపాలక సంఘమువారు నిశ్చయించిరి. బాగుచేయుటకు వ్యయము మిక్కుటమని వారి వాదము. అది వికారమైన కాంక్రీటు దిబ్బ యని మఱికొందఱి యాక్షేపణ. దాని యభిమానులు ఊరకుండలేదు. తుదకు 2013 సెప్టెంబరులో అది రెండవ తరగతి రక్షిత భవనముగా ప్రకటింపబడెను. 2018 నాటికి మరమ్మతు ముగిసెను. 2021లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండువారి ఆధునిక వాస్తు బహుమానము దానికి లభించెను. కూల్చవలెనన్న తీర్మానము గెలిచియుండిన, ఈ బహుమానము మట్టికుప్పకు ఈయవలసి వచ్చెడిది కాదా?

వికారమనువారికి మా ప్రత్యుత్తర మిది. అదే ప్రెస్టనునందు జార్జి గిల్బర్టు స్కాటు నిర్మించిన పురమందిర ముండెడిది. 1947లో అది అగ్నివాత బడెను. అగ్ని విడిచిన దానిని 1962లో మనుష్యులు కూల్చి, ఆ స్థలమున కచ్చేరీల మేడ నొకదానిని లేపిరి. ఒక తరము దిబ్బ యనుకొన్నదానికై తరువాతి తరము కంట తడి పెట్టును. అభిరుచి ఋతువువలె మాఱును. కూలిన గోడ తిరిగి రాదు. వ్యయమను వారిని మే మొక్కటే యడుగుచున్నాము: చలిలో నిలిచి బండికై యెదురుచూచు వృద్ధురాలి బాధ మీ చిట్టాలో ఏ పద్దున వ్రాసితిరి?

ఇక మా పక్షమువారినే యడుగవలసిన మాట యున్నది. గోడ దక్కినదని పండుగ చేసికొన్నవారు, ఆ గోడయొద్దకు వచ్చు బస్సుల సంగతి విచారించిరా? 1985 నాటి శాసనము 1986 అక్టోబరు 26వ తేదీనుండి అమలులోనికి వచ్చి, లండను వెలుపల బస్సులను వర్తకుల పోటీకి వదలివేసెను. లాభమున్న దారిని పదిమంది పరుగిడుదురు. లాభము లేని దారిని ఎవ్వరును రారు. ప్రెస్టను పట్టణపు సొంత బస్సులు 1993లో ఉద్యోగులకు, 2009లో పోటీదారునకు అమ్ముడువోయి, పోటీ విచారణాధికారుల యాజ్ఞచే 2011లో మరల చేతులు మాఱినవి. ఊరి సొమ్మైన వాహనము సంతలో పశువైనది! సమీపముననే యున్న గ్రేటరు మాంచెస్టరు మండలము 2023కును 2025 జనవరికిని నడుమ తన బస్సులను మరల ప్రజాధికారము క్రిందికి దెచ్చుకొనెను. కావున ఇది యసాధ్యమన్న వాదము చెల్లదు.

నేడు ప్రెస్టను స్టేషనులో బస్సులు ఒక్క ప్రక్కనే నిలుచుచున్నవి. రెండవ ప్రక్క జనులు విహరించు ముంగిలి యైనది. ముంగిలి మంచిదే. అయినను బండ్లు తఱిగి, తుదకు రెండవ ప్రక్కయు ముంగిలి యగుచో, రక్షించినది చావడి కాదు, దాని పటము మాత్రమే. యాత్రికులు లేని సత్రమునకు సున్నము కొట్టుట ధర్మమా? ప్రాచీన భవనములను ప్రేమించు సోదర సోదరీమణులారా! గోడకొఱకు వాదించిన నోటితోనే పల్లెలకు పోవు కడపటి బస్సుకొఱకును వాదింపుడు. చావడిని కట్టినది అందులకే గదా!