అన్నా, ఆ ఫామ్ ప్లాట్ వద్దు!

శుక్రవారం రాత్రి మైండ్‌స్పేస్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఉన్నా. డల్లాస్ నుంచి పెద్దనాన్న కొడుకు ఫోన్. "తమ్ముడూ, చేవెళ్ల దగ్గర ఫామ్ ప్లాట్, 605 గజాలు. ఆదివారంలోపు టోకెన్ కడితే రేటు తగ్గిస్తారట. ఒకసారి చూసి రా."

వెళ్లా. గేటు, కొబ్బరి మొక్కలు, ఫ్రీ లంచ్... అన్నీ బాగున్నాయి. పేపర్లు అడిగితే అసలు సంగతి బయటపడింది. 605 గజాలంటే 5 గుంటలు. నాలా కన్వర్షన్ కాలేదు. అంటే రికార్డుల్లో అది ఇంకా వ్యవసాయ భూమే.

తిరకాసు ఇక్కడే. ఫెమా రూల్స్ ప్రకారం ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు ఇక్కడ ఇల్లో, ఫ్లాటో కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఓకే. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైకీ ఇదే రూల్. తప్పితే పెట్టిన సొమ్ముకి 3 రెట్ల దాకా జరిమానా పడొచ్చు.

ఇదంతా చెప్తే అన్న కాసేపు ఆగి, "అయితే నీ పేరు మీద కొందాం. డబ్బు నాది" అన్నాడు. నా బీటెక్ ఫైనలియర్ ఫీజు కట్టింది ఆయనే. కాదనడం ఎంత కష్టమో! కానీ దాన్ని బినామీ అంటారు. భూమి జప్తు, 7 ఏళ్ల దాకా జైలు. వద్దన్నా. రెండ్రోజులు మెసేజ్ లేదు.

నిన్న వచ్చింది: "కొండాపూర్‌లో ఫ్లాట్ చూడరా."

మీకూ ఇలాంటి ఫోన్ వస్తుంది ఫ్రెండ్స్. ముందు రెరా నంబర్, ఈసీ చూడండి. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ హద్దు కూడా. 2024లో హైడ్రా కూల్చివేతలు చూశాంగా! టోకెన్ ఆ తర్వాతే.