పనికిరాని చెట్టు

వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్లం, చదువు చెప్పినవాళ్లం, మొక్కల మీద వ్యాసాలు రాసేవాళ్లం, ఆకు చూసి పేరు చెప్పగలమని లోలోపల మురిసిపోయేవాళ్లం. మేమంతా కలిసి ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటుంది. ఆ తప్పుకు ఒక చోటు, ఒక పేరు కూడా ఉన్నాయి. చోటు హోండురాస్. మధ్య అమెరికాలో, వైశాల్యంలో ఇంచుమించు మన తెలంగాణ అంత దేశం. పేరు హాప్టాంథస్ హేజ్‌లెట్టీ.

1980లో ఆ దేశపు ఉత్తర తీరాన, అట్లాంటిదా జిల్లాలో డోనాల్డ్ హేజ్‌లెట్ అనే పరిశోధకుడు ఒక చిన్న చెట్టు కొమ్మను పూలతో సహా కోసి, కాగితాల మధ్య ఒత్తి ఆరబెట్టాడు. వాన అడవుల్లో తిరిగేవాళ్లు అలాంటి కొమ్మలు లెక్కలేనన్ని కోస్తారు. తీరిగ్గా కూర్చుని పుస్తకాలు తిరగేస్తే చాలావాటికి పేరు దొరుకుతుంది. దీనికి దొరకలేదు. జాతి సంగతి సరే, ప్రజాతి సంగతీ సరే, అసలిది ఏ కుటుంబంలోదో చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. పూలగుత్తి మధ్యలో ఒకే ఒక్క ఆడపువ్వు, దానికి అటూ ఇటూ మగపూలు మోసే రెండు రెమ్మలు. ఇలాంటి అమరిక ఎక్కడా చూసి ఎరగమన్నారు పెద్దలు. 1989లో ఆరన్ గోల్డ్‌బర్గ్, సిరిలో నెల్సన్ కలిసి దాన్ని కొత్త ప్రజాతిగా ప్రకటించారు. ఏ ఇంట్లోనూ ఇమడటం లేదని తర్వాత నెల్సన్ దానికోసమే ఒక కుటుంబాన్ని కూడా ఏర్పాటు చేశాడు.

ఇక్కడిదాకా ఇది శాస్త్రవేత్తలు చెప్పుకునే ముచ్చట. మా తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఆ చెట్టు ఉన్నది మనిషి పోలేని చోటేం కాదు. కొండ కింద ఊరుంది, ఊరికి ఏరుంది. అయినా దాదాపు ముప్పై ఏళ్లపాటు ప్రపంచంలోని వృక్షశాస్త్రం మొత్తానికి ఆధారం ఆ ఒక్క నమూనానే. మధ్యలో వెతికినవాళ్లకు చెట్టు కనబడలేదు. ఎండిన ఆకుల నుంచి డీఎన్ఏ లాగబోతే అదీ రాలేదు. అందుకని ఆ ఒక్క కొమ్మ చుట్టూ కూర్చుని కేసరాలు నిజంగా కేసరాలేనా, మరేదైనానా అని వాదించుకున్నాం. వర్గీకరణ పట్టికల్లో దాని ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టి పేజీ తిప్పాం. చివరికి అమెరికాలో నార్త్ డకోటా అనే చలి రాష్ట్రంలోని మైనట్ నుంచి అలెక్సీ షిపునోవ్, ఎకతెరీనా షిపునోవా వెళ్లి, ఆ ప్రాంతంలోనే దాన్ని మళ్లీ పట్టుకున్నారు. 2011లో వాళ్ల వ్యాసం వెలువడింది. పచ్చి ఆకుల్లోంచి తీసిన డీఎన్ఏ చిక్కుముడి విప్పేసింది: హాప్టాంథస్ బాక్స్‌వుడ్ కుటుంబానిది. సంపన్నుల తోటల్లో కంచెలా కత్తిరించి నిలబెట్టే పొదలకు చుట్టం.

ఇద్దరు మనుషులు, కొన్నాళ్ల అడవి ప్రయాణం. ఇన్నేళ్లూ లేనిది అదే.

డబ్బు లేక అనుకుందామా? ఆ జిల్లాలోనే, తేలా అనే తీర పట్టణం పక్కన, లాన్సెతీయా వృక్షోద్యానం 1926 నుంచి ఉంది. పెట్టింది అమెరికా అరటి వ్యాపారి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ. నడిపింది విల్సన్ పోపెనో అనే, నిజంగా ప్రతిభ ఉన్న మొక్కల మనిషి. మాంగోస్టీన్, దూరియన్, రంబుటాన్, అకీ, ఆసియా వెదుళ్లు, ఆఫ్రికా ఆయిల్ పామ్... భూగోళం అవతలి నుంచి పనికొచ్చే ప్రతి చెట్టునూ ఆ లోయలోకి దింపారు. అక్కడి మాంగోస్టీన్ తోట చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. ఈ ప్రయోగాలు ఊరికే జరగలేదు. పోపెనో భార్య డొరతీ 1932లో సరిగ్గా పండని అకీ తిని ప్రాణం పోగొట్టుకుంది. పండితే కూర, పండకముందు విషం ఆ కాయ.

నాకు పోపెనో మీద కోపం లేదు. కంపెనీ సొమ్ముతో కంపెనీ పని చేశాడు. నా బాధ మా గురించి. 1931లో పాల్ స్టాండ్లీ 'లాన్సెతీయా లోయ వృక్షజాలం' అనే మంచి గ్రంథం అచ్చువేయించాడు. ఆ పక్క కొండల్లోని హాప్టాంథస్ మాత్రం శాస్త్రం చేతికి రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. లోయలో మలయా నుంచి వచ్చిన పండుకి వరసలు తీర్చి, గొప్పు తవ్వి, నీళ్లు కట్టిన కాలమంతా, కొండ మీద సొంత గడ్డ చెట్టు పేరు లేకుండా పూసింది, కాసింది. ఉద్యానం అనే మాటకు మేం ఇచ్చుకున్న అర్థమే అలాంటిది కాబట్టి ఎవరికీ అందులో వింత కనబడలేదు. ఆ ఆయిల్ పామ్ ఇప్పుడు హోండురాస్ ఉత్తర తీరాన ఎకరాలకు ఎకరాలు మింగింది. గోదావరి జిల్లాల రైతుకు ఆ పంట దాహం గురించి నేను చెప్పనక్కర్లేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఉంది. తేలాలో ఒక సంస్థ ఉండేది, ప్రోలాన్సాతే. లాన్సెతీయా, పుంతా సాల్, తెహిగ్వాత్ అనే మూడు అడవుల పేర్లు కలిపి పెట్టుకున్న పేరు. దానికి అధ్యక్షురాలు బ్లాంకా జానెట్ కవాస్. పుంతా సాల్‌ను జాతీయ పార్కుగా కాపాడాలని పోరాడింది. చెట్లు కొట్టేవాళ్ల మీద, పామ్ తోటల కోసం పార్కులోకి చొరబడేవాళ్ల మీద గొంతెత్తింది. 1995 ఫిబ్రవరి 6న తేలాలోని ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ హత్య విషయంలో హోండురాస్ ప్రభుత్వమే బాధ్యురాలని అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2009లో తీర్పు చెప్పింది. పార్కు ఇప్పుడు ఆమె పేరుతోనే ఉంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మేం హాప్టాంథస్ ఏ కుటుంబమా అని తలలు పట్టుకున్న ఏళ్లూ, ఆ జిల్లా అడవుల కోసం ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడిన ఏళ్లూ ఒకటే. కేసరాలు మా పని, తుపాకులు మా పని కాదనుకున్నాం. అడవి ఉంటేనే కదా కేసరం అన్న పాటి లెక్క డాక్టరేట్లు ఉన్నవాళ్లకు తట్టకపోవడం ఏమిటి?

హోండురాస్‌లో ఉండి పనిచేసినవాళ్లను ఈ నిందలోకి లాగను. ఆంతోనియో మోలీనా సమొరానో వ్యవసాయ కళాశాల హెర్బేరియం కోసం జీవితకాలం మొక్కలు సేకరించాడు. నెల్సన్ 2008లో దేశంలోని నాళయుత మొక్కలన్నిటికీ ఒక పట్టిక వేశాడు, ఏడు వేలకు పైచిలుకు జాతులతో. చేతిలో ఉన్న వనరులతో చేయగలిగినంతా చేశారు. డబ్బూ ప్రయోగశాలలూ ఉన్న దేశాల్లోనివాళ్లం, వాళ్ల ఫలితాలను క్లాసుల్లో చెప్పుకుని బతికేవాళ్లం దూరంగా ఉండిపోయాం.

రాజ్యాలకైనా చూపు సరిగా ఉందా అంటే అదీ లేదు. 1946లో హోండురాస్ తన జాతీయ పుష్పంగా దేన్ని ఎంచుకుందో తెలుసా? గులాబీని. అడవుల నిండా ఆర్కిడ్లు వేలాడే దేశం, తన గడ్డ మీద పుట్టని పువ్వును ఎంచుకుంది. తప్పు దిద్దుకోవడానికి 1969 దాకా పట్టింది. అప్పుడు రింకోలీలియా డిగ్బియానా అనే ఆర్కిడ్‌ను ఆ పీట మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ కలిసిన తెలుపు, పెదవి రేకు అంచంతా కుచ్చులు, రాత్రయితే నిమ్మవాసన. హోండురాస్ తప్పు దిద్దుకుంది సరే, ఆ ఆర్కిడ్ విషయంలో మేం చేసిందేమిటి? ఆ కుచ్చుల పెదవి కోసం దాన్ని కాట్లియాలతో సంకరం చేస్తూ పోయాం. నర్సరీల్లో అంచులు ముడుచుకున్న పెద్ద పెద్ద కాట్లియా పూలు కనిపిస్తే, వాటిలో చాలావాటి వంశంలో ఈ హోండురాస్ పువ్వు ఉంటుంది. చీటీ మీద ధర ఉంటుంది, సంకరం పేరు ఉంటుంది. తల్లి పుట్టిన ఊరు ఉండదు.

పనికొచ్చిన చెట్ల గతి చూస్తే, పనికిరాకపోవడమే నయమనిపిస్తుంది. మహాగని ఆ అడవుల బిడ్డ. బ్రిటిష్ వాళ్ల భోజనాల బల్లల కోసం పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఆ తీరాల నుంచి ఓడలకు ఓడలు మహాగని దుంగలు వెళ్లాయి. కలప వ్యాపారంలో 'హోండురాస్ మహాగని' అంటే ఒక నాణ్యతకు గుర్తు. మిగిలిన పెద్ద చెట్లు తూర్పున మొస్కితియాలో, రియో ప్లాతానో అభయారణ్యంలో తలదాచుకున్నాయి. 1982లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 1996లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది, 2007లో తీసేసింది, 2011లో మళ్లీ చేర్చింది. చొరబాట్లు, దొంగ కలప ఆ కథకు కారణాలు. విశాలపత్ర మహాగని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపార ఒప్పందం) అదుపు 2003 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఓడలు మొదలై అప్పటికి రెండు వందల ఏళ్లు దాటింది.

ఈ మహాగని ఇప్పుడు మన పొలాల్లోకి వచ్చింది. ఎకరాకు ఇన్ని మొక్కలు, ఇన్నేళ్లకు ఇన్ని లక్షలు అంటూ ఊరూరా ప్రకటనలు. కడియం నుంచి లారీల్లో మొక్కలు కదులుతున్నాయి. గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లైరిసీడియాదీ ఆ వైపే. హోండురాస్‌లో దాన్ని మద్రియాదో అంటారు, కంచెకు నాటుతారు, కోకో తోటకు నీడగా పెంచుతారు. సీమచింత, దేవగన్నేరు, సపోటా కూడా మెక్సికో నుంచి మధ్య అమెరికా దాకా పరచుకున్న ఆ నేలలవే. వాటి మీద మేం తెలుగులో పేజీలు పేజీలు రాశాం. నత్రజని ఎంత, చుట్టుకొలత ఎంత, మార్కెట్ ఎక్కడ అని రాశాం. వాటి అడవి చుట్టాలు, అవి పెరిగిన పొడి అడవులు ఏమయ్యాయో ఒక్క పేరా రాయలేదు. పొలం గట్టున నరికిన కొద్దీ చిగురించే చెట్టు కాబట్టి, పుట్టినచోట కూడా దానికి అంతు ఉండదని అనుకున్నాం కాబోలు.

ఆ పొడి అడవుల్లో ఒకదాని సంగతి చెబుతాను. కొండలు వాన మేఘాలను ఆపేయడం వల్ల అగ్వాన్ లోయ ఎగువ భాగం ముళ్లతో, నాగజెముళ్లతో ఎండిపోయి ఉంటుంది. స్టెనోసీరియస్ యుంకేరీ లాంటి, హోండురాస్‌కే పరిమితమైన స్తంభాల జెముళ్లు అక్కడ ఉంటాయి. పశువుల బీళ్ల కోసం, తోటల కోసం ఆ అడవిలో చాలా భాగం పోయింది. ఒలాంచితో దగ్గర కొంత మిగిలిందంటే, రక్షిత ప్రాంతం చేశారంటే, దానికి కారణం ఒక పిట్ట. హోండురాస్‌కు తనదే అని చెప్పుకోగల పక్షి ఒకటే, పచ్చటి హమ్మింగ్‌బర్డ్. దశాబ్దాల పాటు కనబడకుండాపోయి 1988లో మళ్లీ దొరికింది. ఆ పిట్ట కోసం పక్షిశాస్త్రవేత్తలు కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగారు. జెముడు ఆ పిట్ట నీడన బతికింది. పక్షి ప్రేమికులకు ఉన్నంత పట్టుదల మొక్కల వాళ్లకు ఎందుకు లేదని అడిగితే, మా దగ్గర జవాబు లేదు. కూయని దాన్ని, ఎగరని దాన్ని వెతికే ఓపిక మాకే లేనప్పుడు లోకాన్ని అని ఏం లాభం?

హోండురాస్ జాతీయ వృక్షం పైన్ కథ క్లుప్తంగా ముగిస్తాను. 2014 నుంచి 2016 దాకా బెరడు తొలిచే పురుగు దాదాపు 5 లక్షల హెక్టార్ల పైన్ అడవిని ఎండబెట్టింది. కరవు పురుగుకు తోడైంది. కరవులకు ఆజ్యం పోస్తున్న వాతావరణ మార్పులో మన కార్ల పొగ వాటా ఎంతో నేను లెక్క కట్టలేను, సున్నా కాదని మాత్రం తెలుసు.

ఇంతకీ మేం ఏ మాట పట్టుకుని మొక్కల తరఫున వాదిస్తాం? 'ఏమో, రేపు క్యాన్సర్‌కు మందు ఇందులోంచే రావచ్చు.' ప్రతి వ్యాసం చివరా, నిధులు అడిగే ప్రతి దరఖాస్తులోనూ ఇదే వాక్యం. రుజువు అడిగితే నీళ్లు నములుతాం. దుంగలు లెక్కపెట్టిన కంపెనీ భాషనే మేం తెల్లకోటు తొడిగి మాట్లాడుతున్నాం. పనికొచ్చేదే బతకాలి అనే మాటను ఒప్పుకున్నాక, పనికొస్తుందని చూపించలేని చెట్టుకు మా వకాల్తా ఎందుకూ కొరగాదు. పనికొస్తుందని తేలిన మహాగని గతి చూశాక, ఆ వకాల్తా గెలిచినా భయమే.

ఈ అలవాటు మాకు ఎక్కడ పట్టిందో నాకు బాగా తెలుసు. మన ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాల్లో మొక్కల కుటుంబాల పాఠం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. ఆకు, పుష్పవిన్యాసం, పుష్ప సంకేతం, ఆఖరున 'ఆర్థిక ప్రాముఖ్యత'. పప్పులు, నూనెలు, రంగులు, కలప, మందులు. ఆ జాబితా రాయకపోతే మార్కులు తెగుతాయి. నేనూ అలాగే చదివాను, అలాగే చెప్పాను, నా ముందువాళ్లూ వెనకవాళ్లూ అలాగే దిద్దారు. ఆ కుటుంబపు మొక్కలు ఎక్కడ అంతరిస్తున్నాయో రాయమని అడిగే శీర్షిక మాత్రం మేం పెట్టలేదు. అడగని ప్రశ్నకు పిల్లలెవరూ జవాబు రాయలేదు. వాళ్లలోంచే మాలాంటి లెక్చరర్లు, వ్యాసకర్తలు తయారయ్యారు. ఇప్పుడు ఎవరైనా విద్యార్థి పొరపాటున హాప్టాంథస్ గురించి జవాబు రాస్తే, పూల అమరిక అంతా సరిగ్గా గీసినా, ఆర్థిక ప్రాముఖ్యత కింద ఖాళీ వదిలాడని రెండు మార్కులు కోసి కట్ట కట్టేసేది మేమే.