పతకాల లెక్క ఉంది, పళ్లెం లెక్క ఏదీ?

2024 డిసెంబర్ 15న జగదల్‌పూర్‌లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్ ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా హాజరయ్యారు. దాదాపు 1.65 లక్షల మంది పోటీలకు పేర్లు నమోదు చేసుకున్నారని ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది. తుపాకీ నీడ వీడి యువత మైదానానికి వచ్చిందన్నది ఆ సభ సందేశం. సంతోషమే. కానీ ఆ మైదానంలో నిలిచిన ఆడపిల్ల ఆ పూట ఏం తిని వచ్చింది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015-16లో 47 శాతం. 2019-21 నాటికి అది 60.8 శాతానికి పెరిగింది. బస్తర్ కళాశాలల క్రీడాకారిణులు ఈ నేల నుంచే వస్తున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆకలికి మైదానం మరో ఆకలిని జోడిస్తుంది. బస్తర్ ఒలింపిక్స్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్, కరాటే కూడా ఉన్నాయి. బరువు తూచి బరిలోకి దింపే ఆటల్లో “రెండు కిలోలు తగ్గు” అన్న మాట ఆజ్ఞతో సమానం. అమ్మాయి ముందు రాత్రి భోజనం మానేస్తుంది, తర్వాత నీళ్లు తగ్గిస్తుంది. కండలు పెరిగితే పెళ్లెవరు చేసుకుంటారన్న ఊరి మాట దానికి తోడవుతుంది.

తిండిపై ఇలాంటి భయం పట్టణపు సంపన్నుల జబ్బేనని, అడవిలో అది ఎక్కడిదని వాదించేవారున్నారు. శరీరానికి ఆ తేడా తెలియదు. ఖర్చయ్యే శక్తికి తగిన ఆహారం అందకపోతే నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముకలు బలహీనపడి చిట్లుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి ‘క్రీడల్లో సాపేక్ష శక్తి లోటు’ అని పేరు పెట్టింది. తిండి లేక అయినా, తినడానికి భయపడి అయినా లోటు లోటే. రక్తహీనత ముందే ఉన్న పిల్లకు అది రెట్టింపు శిక్ష.

1984 లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం కోల్పోయారు. అక్కడ సరైన ఆహారం లేక గంజి, ఊరగాయతో సరిపెట్టుకున్నానని, చివరి మీటర్లలో శక్తి చాలలేదని ఆమే చెప్పారు. 2024 ఆగస్టులో పారిస్‌లో 100 గ్రాములు ఎక్కువ ఉందని వినేశ్ ఫోగాట్‌ను ఫైనల్‌కు అనర్హురాలిని చేశారు. అంతకుముందు 53 కిలోల విభాగంలో ఆడిన వినేశ్ అక్కడ 50 కిలోలకు దిగి ఆడారు. అప్పుడు భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు ఉషే. బరువు అదుపు బాధ్యత క్రీడాకారిణిది, ఆమె కోచ్‌దే తప్ప సంఘం నియమించిన వైద్య బృందానిది కాదని ప్రకటించారు. ఆకలి విలువ తెలిసినవారే కుర్చీ ఎక్కాక అలా అంటే, కోంటా, భోపాలపట్నం పిల్లల పక్షాన మాట్లాడేదెవరు?

పతకం వస్తే దేశానిది, శరీరం కూలితే అమ్మాయిదా? ఈ పంపకం రాజకీయం. దాన్ని రాజకీయంగానే ఎదిరించాలి. ప్రతి సీజన్‌కు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష జరగాలి. నెలసరి వివరాలు గోప్యంగా వినే మహిళా వైద్యురాలు అందుబాటులో ఉండాలి. వైద్యుల సంతకం లేకుండా ఏ అమ్మాయినీ తక్కువ బరువు విభాగానికి దించకూడదు. నలుగురిలో నిలబెట్టి బరువు తూచడం ఆగాలి. హాస్టల్ మెస్‌లో గుడ్డు, పప్పు, పాలకు నిధులు విడిగా కేటాయించాలి.

వచ్చే ముగింపు సభలో నేతలు ఎంతమంది ఆడారో మళ్లీ చెబుతారు. ఎంతమంది కడుపునిండా తిని ఆడారో చెప్పమని అడుగుదాం.