వాయిదా వైఫల్యం కాదు!
శుక్లా యాత్ర నేర్పిన పాఠం.. ‘గగన్‌యాన్‌’కు మార్గదర్శకం

సూళ్లూరుపేట: రాకెట్‌ ప్రయోగం వాయిదా పడిందంటే చాలు.. చూడవచ్చిన జనం ఉసూరుమంటూ వెనుదిరగడం శ్రీహరికోట పరిసరవాసులకు పరిచితమైన దృశ్యమే. ‘ఏదో లోపమట’ అంటూ శాస్త్రవేత్తల సామర్థ్యాన్నే శంకించేవారూ లేకపోలేదు. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025లో సాగించిన రోదసి యాత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం ఎంత పొరపాటో అవగతమవుతుంది.

పరీక్షలో బయటపడిన లోపం

మే 29న ఆరంభం కావలసిన యాక్సియమ్‌-4 యాత్ర పలుమార్లు వాయిదా పడింది. జూన్‌ 11న ప్రయోగించాల్సి ఉండగా, అంతకుముందు జరిపిన పరీక్షల్లో ఫాల్కన్‌-9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్‌ లీకవుతున్నట్లు తేలింది. దానిని పూర్తిగా సరిచేయనిదే ప్రయోగానికి సమ్మతించేది లేదని తమ బృందం పట్టుబట్టినట్లు ఇస్రో అధ్యక్షుడు వి.నారాయణన్‌ అనంతరం వెల్లడించారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రష్యా విభాగంలో గాలి లీకేజీ పరిశీలన కోసం మరికొన్ని రోజులు ఆగారు. ఎట్టకేలకు జూన్‌ 25న పెగ్గీ విట్సన్‌ నాయకత్వంలో నలుగురు అమెరికాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రం నుంచి బయలుదేరారు. సుమారు 28 గంటల అనంతరం గమ్యం చేరారు. ఆ కేంద్రంలో అడుగిడిన తొలి భారతీయుడు శుక్లాయే. జులై 15న నలుగురూ క్షేమంగా పసిఫిక్‌ జలాల్లో దిగారు.

తొందరపాటుకు మూల్యం

1986 జనవరి 28న ఛాలెంజర్‌ ప్రయోగానికి ముందురోజు, చలికి రబ్బరు సీళ్లు పనిచేయకపోవచ్చని ఇంజినీర్లు హెచ్చరించారు. వాయిదాకు అధికారులు అంగీకరించలేదు. ఏడుగురు అసువులు బాశారు. 2024 జూన్‌లో హీలియం లీకు స్వల్పమేనని భావించి స్టార్‌లైనర్‌ను పంపారు. దారిలో మరిన్ని లీకులు బయటపడగా, థ్రస్టర్లూ మొరాయించాయి. సుమారు 8 రోజులకని వెళ్లిన సునీతా విలియమ్స్‌ 9 నెలలకు పైగా అక్కడే ఉండి, 2025 మార్చిలో వేరే నౌకలో తిరిగివచ్చారు.

షార్‌ ముందున్న పరీక్ష

సంయమనం షార్‌కు కొత్తేమీ కాదు. 2019 జులై 15న చంద్రయాన్‌-2 కౌంట్‌డౌన్‌ను 56 నిమిషాల ముందు నిలిపివేసి, వారం తిరగకముందే లోపం సరిదిద్ది 22న విజయవంతంగా ప్రయోగించారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్‌ పరీక్షా వాహనం 5 సెకన్ల ముందు ఆగి, అదేరోజు నింగికెగిసింది. వీటిలో మనుషులు లేరు. గగన్‌యాన్‌లో ఉంటారు.

2018లో ప్రకటించినప్పుడు మానవసహిత యాత్రకు 2022ను లక్ష్యంగా నిర్దేశించారు. 2025 నాటికి అది 2027కు జరిగింది. వ్యయ అంచనా రూ.20,193 కోట్లకు చేరింది. ప్రజాధనం కనుక లెక్కలు అడగడం పౌరుల హక్కు. వాయిదా పడిన ప్రతిసారీ కారణాన్ని సామాన్యుడికి అర్థమయ్యే భాషలో చెప్పడం అధికారుల బాధ్యత. అయితే తేదీ కోసం తొందరపెట్టడం మాత్రం ఎవరికీ తగదు. ఆలస్యమైతే పోయేది కాలమే. ఆదమరిస్తే పోయేది ప్రాణం!