పుస్తకములు కుట్టువాడు

గ్రంథకర్తను గౌరవింతుము. ముద్రాపకుని పేరు మొదటి పుటయందే కాననగును. ఆ గ్రంథమును నూఱేండ్లు నిలిపిన బైండరు పేరు మాత్రము ఎచ్చటను గానరాదు. అదియొక కూలిపని యని మనవారి తలంపు. 1812లో డేవీ పండితుని ఉపన్యాసములను వ్రాసికొని, స్వహస్తముతో బైండుచేసి, ఆయనకే పంపిన మైకేల్ ఫారడే ఏడేండ్లు ఈ పనియందే శిష్యుడు. 1883లో కాబ్డెన్ శాండర్సను అను లండను న్యాయవాది తన వృత్తిని విడిచి ఈ పని నేర్వబూనెను. నల్లకోటు విప్పి సూదిదారము చేపట్టు వకీలును మన పట్టణములలో నొక్కనిని జూపగలరా?

పని యెట్టిదో చూడుడు. మడిచిన ఫారములను ఒకదానివెంట నొకటిగా, వెన్నునకు అడ్డముగా బిగించిన త్రాళ్ళకు కుట్టవలెను. దారము మిక్కిలి బిగిసినచో కాగితము తెగును. వదులైనచో పుస్తకము ఊగును. పిదప సుత్తితో వెన్నును గుండ్రము చేసి, అట్టలు బిగించి, అంచులు పలుచగా చెక్కిన తోలు కప్పవలెను. పేరు బంగారు రేకుతో అద్దుటకు గ్రుడ్డు తెల్లసొన పూసి, కాచిన ఇత్తడి అచ్చు నొత్తుదురు. వేడి హెచ్చిన తోలు మాడును. తగ్గిన బంగారము అంటదు. తడిగుడ్డపై అచ్చు నుంచినపుడు లేచు చప్పుడును బట్టియే నిపుణుడు ఆ వేడి నెఱుగును.

అంతకంటె గొప్ప గుణ మింకొకటి కలదు. తాను కట్టినదానిని రేపటి పనివాడు విప్పుట కనువుగా నతడు కట్టును. పిండిజిగురు నీట నానును, దారము విడివడును. నేటి చవుక బైండింగున వెన్నునే యంత్రముతో కోసి, విడి కాగితములకు బంక పూయుదురు. తెగిన మడత మరల రాదు.

1914లో బెజవాడలో గ్రంథభాండాగార ప్రతినిధుల ప్రథమసభ జరిగినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. ఆ తరమువారు ఊరూర కూర్చిన పత్రికల కాగితము, కొయ్యగుజ్జుతో చేసినదగుటచే, నేడు పసుపెక్కి పెళుసై విరుగుచున్నది. వానిని స్కానుచేసి దాచుట మంచిదే. కాని స్కానుకొఱకు వెన్ను కోసినచో మిగులునది కాగితముల కట్టయే.

1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును గూడ చెల్లించుచున్నాము. అందొక పాలు వెచ్చించి, జిల్లా కొక నిపుణుడైన బైండరును నెలజీతముపై నుంచి, అతనికి ఇద్దరు శిష్యుల నీయరాదా? అంతవఱకు, పాత సంపుటములను తక్కువ ధర చెప్పినవానికి కట్టలుగా నప్పగించుటయైన మానుదురు గాక!