మెట్ల గీత ఎవరి సొత్తు?

రెండు రంగుల బద్దలతో అల్లిన వెదురుబుట్టను ఒకసారి పరీక్షగా చూడండి. బద్దలన్నీ నిలువుగానో అడ్డంగానో ఉంటాయి. అయినా వాటి మీద ఏటవాలుగా మెట్లు ఎక్కుతున్నట్టు ఒక గీత కనిపిస్తుంది.

ఇలాంటి మెట్లు, మలుపులే మెక్సికో దేశంలోని మిట్లా కట్టడాల గోడల మీద ఉన్నాయి. చెక్కిన చిన్న చిన్న రాళ్లను సున్నం లేకుండా బిగించి వాటిని కూర్చారు. క్రీ.పూ. 750 ప్రాంతంలో ఏథెన్సులో చేసిన అయిదడుగుల మట్టికూజా మీద వరుసలు వరుసలుగా మలుపుల గీతలే. చైనాలో 3,000 ఏండ్లు దాటిన షాంగ్ కాలపు కంచు పాత్రల మీద చదరపు సుడులు కనిపిస్తాయి.

మిట్లాకు ఆ దేశాలతో ఆనాడు రాకపోకలు ఉన్నట్టు ఆధారం లేదు. మరి ఎవరు ఎవరికి నేర్పారు? సముద్రంలో మునిగిపోయిన ఖండం నుండి అందరికీ వచ్చిందని కథలు చెప్పినవారున్నారు. అంత దూరం పోనక్కరలేదు. రెండు బద్దల మీదుగా, రెండింటి కిందుగా అల్లుతూ, వరుసకు ఒక బద్ద చొప్పున పక్కకు జరిపితే మెట్లు వాటంతటవే వస్తాయి. అల్లికలో గుండ్రని వంపు కష్టం, మలుపు సులువు. చేతికి అలవాటైన ఆ రూపమే తరువాత మట్టికీ రాతికీ ఎక్కిందని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అలంకారం పుట్టుకలో పనితనానికి ఎంత పాత్ర ఉందో ఫ్రాంజ్ బోయాస్ 1927లో తన గ్రంథంలో వివరించాడు.

రూపం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. అమెరికాలోని అరపాహో తెగవారు ఒకే డైమండు ఆకారాన్ని ఒకచోట కన్ను అన్నారు, ఒకచోట సరస్సు అన్నారు, మరొకచోట తాబేలు అన్నారు.

నిజంగా ఒకరి నుండి ఒకరికి వెళ్లిన నమూనాలూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో స్కాట్లాండులోని పెయిస్లీ నేతగాండ్రు కాశ్మీరు శాలువల మీది మామిడిపిందెను తామూ నేశారు. అక్కడ సరుకు వెళ్లిన దారి మనకు తెలుసు. దారి కనిపించనిచోట "మా దగ్గర దొంగిలించారు" అనడం న్యాయం కాదు.

ఈ సాయంకాలం పిల్లలకు రెండు రంగుల కాగితపు పట్టీలు కత్తిరించి ఇవ్వండి. రెండు పైకి, రెండు కిందికి, వరుసకు ఒకటి పక్కకు. మిట్లా పేరు వినని ఆ చిన్న చేతుల్లోనూ మెట్లు లేస్తాయి. ఇక సంతలో బుట్టలమ్మే ఆమెతో రూపాయి కోసం బేరమాడేముందు, ఆ అల్లికలో ఎంత విద్య ఉందో పిల్లలే మీకు చెబుతారు.