బీకన్ వల్లే తెగింపా?



ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే అత్యవసర బీకన్ చేతిలో ఉంటే జనం అడవిలోకి తెగించి దూరతారన్న గత సంచిక వ్యాసం వాదన నల్లమల అంచున ఉన్నవాళ్లకు మింగుడుపడదు. ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి తరతరాలుగా నడుస్తూనే ఉన్నారు. మండే ఎండ, అరకొర నీళ్లు, రాళ్ల దారి. వాళ్లను నడిపించేది మల్లన్న మీది భక్తే, బీకన్ కాదు.

బీకన్ సంకేతం అందకపోతే ఏమవుతుందో ఇదే నల్లమల చూపించింది. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్ 430 హెలికాప్టర్ ఉదయం తొమ్మిదిన్నర వేళ జాడ తెలియకుండా పోయింది. బీకన్ సంకేతం అందలేదు. ఎంత గాలించినా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించింది మర్నాడు పొద్దున్నే. సంకేతం అంది ఉంటే అందులో ఉన్న ఐదుగురూ దక్కేవారని కాదు. కొనప్రాణంతో ఉన్నవాళ్లకైతే ఒక రాత్రి ఆలస్యమే ప్రాణాంతకం.

వ్యాసంలో ఒక మాట నిజం. మీట నొక్కగానే ఎవరూ ఊడిపడరు. 406 మెగాహెర్ట్జ్ సంకేతం ఉపగ్రహం మీదుగా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి రక్షణ బృందాలకు చేరాలి. ఆ తర్వాత వాళ్లు గుట్టలెక్కి రావాలి. ఈ సంగతిని వెంకటాపురం దారి మొదట్లోనే తెలుగులో, కన్నడలో బోర్డు మీద రాసిపెడితే సరిపోతుంది. బీకన్‌ను తప్పుపట్టనక్కర్లేదు.

— ఒక పాఠకుడు, కర్నూలు